గాజులో జింక

చిరంజీవులైన పిల్లలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న నేను గాజు మీద బొమ్మలు చెక్కే పనిగదికి వచ్చినప్పుడు మీరడిగిన రెండు ప్రశ్నలకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అరలో ఉన్న గాజు పాత్ర మీది జింకను చూసి చిన్నది, "ఇది ఉబ్బెత్తుగా కనబడుతోంది కదా, వేలు పెడితే గుంటగా ఉందేమిటి?" అని అడిగింది. పెద్దవాడేమో యంత్రానికి బిగించిన రాగి బిళ్ళను గోటితో నొక్కి చూసి, "ఇంత మెత్తటిది గాజునెలా కోస్తుంది?" అన్నాడు. ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఈ విద్య ఆయువుపట్టు తెలిసినట్టే కాబట్టి, తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు రాగి సంగతి చెబుతాను. రాగి గాజును కోయదు. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చి చెప్పే మోస్ కొలమానంలో రాగి 3 దగ్గర, మామూలు గాజు ఐదున్నర దగ్గర, కురువిందం 9 దగ్గర, వజ్రం అన్నిటికంటే పైన 10 దగ్గర ఉంటాయి. (ఇంగ్లీషువారు కోరండమ్ అని పిలిచే మాట మన దక్షిణాది భాషల్లోని కురువిందం నుంచే వెళ్ళింది.) అంటే రాగి తనంతట తాను గాజు మీద చిన్న గీత కూడా పెట్టలేదు. అందుకని మేము ఎమరీ పొడిని, అంటే కురువిందం కలిసిన నల్లరాతి పొడిని, నూనెతో ముద్ద చేసి, తిరుగుతున్న చక్రం అంచుకు కొద్దికొద్దిగా అందిస్తాం. రాగి మెత్తన కాబట్టే ఆ పొడి నలుసులు దాని అంచులోకి దిగబడి నిలుస్తాయి. గాజును అరగదీసేది ఆ నలుసులే. రాగి చేసే పనల్లా వాటిని పట్టుకుని తిప్పడమే. నా పెట్టెలో గుండుసూది తలకాయంత బిళ్ళ మొదలుకొని అరచేతిలో సగం నిండే చక్రం దాకా వందకు పైగా ఉన్నాయి. ప్రతిదాని అంచూ ఒక్కో తీరు: ఒకటి గుండ్రన, ఒకటి కోసుగా, ఒకటి చదరంగా. జింక కంటికి వాడిన బిళ్ళ కడుపుకు పనికిరాదు.

చక్రం కదలదు, ఉన్నచోటే తిరుగుతుంది. మోచేతులు రెండూ చిన్న దిండ్ల మీద ఆన్చి, పాత్రను చక్రం కింద పట్టుకుని, దాన్నే అటూ ఇటూ జరపాలి. కాగితం మీద బొమ్మ వేసేటప్పుడు కలం కదులుతుంది, కాగితం ఆగి ఉంటుంది; ఇక్కడ కలం ఆగి ఉంటే కాగితం కదులుతుంది. పైగా చక్రం గాజును తాకే చోటు సరిగ్గా చక్రానికీ, నల్లటి ముద్దకూ కిందే దాగిపోతుంది. కంటికి కనిపించనిదాన్ని వేళ్ళకు తెలిసే అదురును బట్టీ, చెవికి వినిపించే సన్నని రొదను బట్టీ పోల్చుకోవాలి. లోతు ఎక్కువయ్యేకొద్దీ ఆ రొద మారుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నాకు ఆ తేడా పట్టుబడటానికి చాలాకాలం పట్టింది.

ఇక జింక విషయం. ఆ జింకలో ఉబ్బు ఎక్కడా లేదు, ఉన్నదంతా లోతే. పాత్ర బయటి గోడ మీద చెక్కిన గుంటను లోపలి వైపు నుంచి గాజులోంచి చూస్తే, ఆ గుంట అడుగు మనవైపుకు పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. అందులో భ్రమ ఏమీ లేదు. బయటి వైపు నుంచి సూటిగా చూసినప్పుడు మాత్రం కన్ను మోసపోతుంది. ముఖాలనూ, ఒళ్ళనూ ఉబ్బుగానే చూడటానికి అలవాటుపడ్డ మన చూపు, గుంటలో పడ్డ వెలుగునీడలను తిరగేసి చదువుకుని, అక్కడ ఒక నిండైన జింకను నిలబెడుతుంది. కాబట్టి చెక్కేవారు లోకాన్నంతా తలకిందులుగా తలుచుకోవాలి. మనకు దగ్గరగా ఉన్నదాన్ని అన్నిటికంటే లోతుగా చెక్కాలి. దూరంగా ఉన్నదాన్ని పైపైన తాకి వదలాలి. జింక కడుపు, భుజం మొదట పెద్ద చక్రంతో కోడిగుడ్డు ఆకారపు గుంటలుగా పడతాయి. ఆ తర్వాత మెడ, తొడలు. అవతలి వైపు కాళ్ళు వెంట్రుకవాసి లోతులోనే ఉంటాయి, వెనక ఉన్న చెట్టుకొమ్మ గాజు మీద ఊదిన ఊపిరిలాగ మసకగా ఉంటుంది. ముక్కు ముందుకు రావాలంటే దాన్ని లోపలికి తోయాలి. ఒకసారి లోతు ఎక్కువ పడితే మళ్ళీ పూడ్చే దారి లేదు, చుట్టూ ఉన్నదంతా ఇంకాస్త లోతు చేసుకుంటూ రావడం ఒక్కటే మిగులుతుంది, అప్పుడు గాజు మందం చాలాలి.

చెక్కిన చోటు తెల్లగా ఎందుకు కనిపిస్తుందని మీరు అడగలేదు కానీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. నలుసులు అరగదీసిన చోట కంటికి ఆనని గరుకుతనం మిగులుతుంది. వెలుగు సూటిగా దాటిపోలేక నలుదిక్కులకూ చెదిరిపోతుంది. ఆ చెదిరిన వెలుగే తెల్లదనం. ఉప్పు పలుకు తేటగా ఉండి, దాన్ని నూరితే తెల్లని పొడి కావడానికీ కారణం ఇదే. ఈ పనిలో తెల్లరంగు అనేది లేదు, ఉన్నది చెదిరిన వెలుగే. చెక్కిన చోటును తడి చేసి చూడండి, జింక మాయమైపోతుంది. గాలికీ గాజుకూ మధ్య వెలుగు వంగే తీరులో ఉన్న తేడా చాలా పెద్దది (గాలికి 1, గాజుకు 1.5 పైచిలుకు), నీరు 1.33తో ఆ రెంటికీ నడుమ ఉంటుంది కాబట్టి, గరుకు గుంటల్లో నీరు నిండగానే వెలుగు చెదరడం తగ్గిపోతుంది. అందుకే ముద్దలో, నూనెలో మునిగి ఉన్న బొమ్మ మాకు పని మధ్యలో కనిపించదు. గడియగడియకూ తుడిచి, ఆరనిచ్చి, నల్లగుడ్డ ముందు పట్టి చూసుకోవాలి. తెల్లకాగితం మీద పెన్సిలు పెట్టిన చోట నీడ పడుతుంది, గాజు మీద చేయి పెట్టిన చోట వెలుగు పడుతుంది. నీడ కావలసిన చోట గాజును తాకకుండా వదిలేయడమే పని.

ఈ విద్య చాలా పాతది. రోమన్ల కాలంలో, ముఖ్యంగా 4వ శతాబ్దంలో, మందపాటి గాజు పాత్రను చుట్టూ అరగదీసి, లోపలి గిన్నె చుట్టూ జల్లి పంజరంలాంటి అల్లిక మిగిలేలా చెక్కేవారు. ఆ అల్లిక సన్నటి కమ్ముల మీద మాత్రమే గిన్నెకు అంటుకుని ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న లైకర్గస్ కప్పు ఆ కోవకు చెందినదే. ముందునుంచి వెలుగు పడితే ఆకుపచ్చగా, వెనకనుంచి వెలుగు దాటితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో కలిసిన అతిసూక్ష్మమైన వెండి, బంగారు రేణువులు దానికి కారణం. ఇటువంటి పనిలో పాత్ర పగిలితే నష్టం ఎవరిదనే తగవు కూడా అంతే పాతది. 3వ శతాబ్దం తొలినాళ్ళ రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ దీనికి తీర్పు రాసిపెట్టాడు: పనివాడి చేతగానితనం వల్ల పగిలితే నష్టం పనివాడిది, గాజులో ముందే దోషపు చీలికలు ఉండి పగిలితే అతని తప్పు లేదు, అందుకే ఈ పనివారు చాలామంది ముందుగానే పూచీ మాది కాదని ఒప్పందం చేసుకుంటారు అని.

నేను పని నేర్చుకున్న మూడో ఏట నా చేతిలో ఒక గిన్నె ఇలాగే పోయింది. పెద్ద ఒత్తిడి ఏమీ పెట్టలేదు. అంచుకు రెండంగుళాల కింద ఒక ఆకు చెక్కుతుంటే టక్కుమని చప్పుడై, చీలిక నెలవంకలా పాకి, గిన్నె రెండు ముక్కలై నా ఒళ్ళో పడింది. నాదే తప్పని ఏడుస్తుంటే, నాకు పని నేర్పిన గురువుగారు అదే వాయిలోని ఇంకో గిన్నె తెచ్చి, వెలుగును ఒకే వాటున అదిరేలా వడగట్టే రెండు పోలరాయిడ్ పలకల నడుమ పెట్టి దీపం వైపు పట్టారు. తేటగాజు అనుకున్నదాని అంచు చుట్టూ రంగురంగుల చారలు కనిపించాయి. కొలిమిలోంచి వచ్చిన గాజును 500 డిగ్రీల పైచిలుకు వేడి నుంచి మెల్లమెల్లగా చల్లార్చాలి; తొందరపడితే పైపొర ముందు బిగుసుకుని, లోపలి పొర తరువాత ముడుచుకుని, గాజు తనలో తాను లాక్కుంటూ ఉంటుంది. ఆ లాగుడే చారలుగా కనబడింది. ఆనాటి నుంచి ఏ పాత్రనూ పలకల మధ్య పెట్టి చూడకుండా చక్రం కిందికి తీసుకురాలేదు.

మధ్యయుగాల తర్వాత ఐరోపాలో ఈ చెక్కుడుకు మళ్ళీ పేరు తెచ్చింది స్ఫటికాన్ని చెక్కే పనివారు. ప్రాగ్ నగరంలో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో ఉన్న కాస్పర్ లేమన్, రత్నాలు, స్ఫటికాలు చెక్కే చక్రాన్ని గాజు మీదికి తెచ్చి, 1609లో ఆ పనిమీద చక్రవర్తి నుంచి ప్రత్యేక హక్కు పొందాడు. అక్కడినుంచే బొహీమియా చెక్కుడుగాజుకు ఖ్యాతి వచ్చింది. ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో స్ఫటికాన్ని పోలిన గాజుకు పేటెంటు పొందాడు. ఆ గాజులో సీసపు ఆక్సైడు కలపడంతో అది బరువెక్కి, మెత్తబడి, వెలుగును మరింతగా వంచసాగింది. గాజు మెత్తబడటమంటే లోపం అనుకోకండి. చెక్కే చేతికి అదే వరం. 18వ శతాబ్దంలో డచ్ దేశస్థుడు ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్, వజ్రపు మొనతో గీతలు గీయడం మాని, చుక్కలు మాత్రమే పొడుస్తూ బొమ్మలు తీశాడు. వత్తుగా పొడిచిన చోట వెలుగు, పలచగా పొడిచిన చోట మసక, పొడవని చోట చీకటి. అటువంటి పాత్ర మీది ముఖం ఒక వైపు నుంచి చూస్తే ఉండదు; కాస్త తిప్పగానే పొగలోంచి వచ్చినట్టు తేలుతుంది.

ఇంతవరకు చెప్పింది బొమ్మ చెక్కడం. గాజుకు సానపట్టి పట్టకాలు తీర్చడం దాని అన్నదమ్ముల విద్య. ఇందులో చక్రం పెద్దది, పాత్రను దాని మీద ఆన్చి పైనుంచి నొక్కాలి. జపానులో ఎడో కిరికో అనే పని ఇటువంటిదే. 1834లో ఎడో పట్టణంలో, అంటే నేటి టోక్యోలో, కగాయా క్యూబే ఎమరీ పొడితో గాజు మీద చెక్కడంతో అది మొదలైందని చెబుతారు. తేటగాజు మీద పలచని రంగుగాజు పొర వేసి, ఆ పొరను దాటి లోపలి తేటదనం బయటపడేలా కోస్తారు. చేపగుడ్లు, గంజాయి ఆకు, చామంతి, బుట్ట అల్లిక వారి పాత నమూనాలు. బొమ్మ ముందుగా గీసి ఇవ్వరు. పాత్ర చుట్టూ అడ్డగీతలు, నిలువుగీతలు మాత్రం పెట్టుకుంటారు, మిగతాదంతా చేతి లెక్కే. కోసేటప్పుడు పాత్ర లోపలి నుంచి చక్రాన్ని చూస్తూ కోస్తారు కాబట్టి, వెలుగు దాటని నల్లపొర గాజు అన్నిటికంటే కష్టమైనదని వారి మాట. ముందు ముతక కోత, తర్వాత సన్నకోత, తర్వాత రాతి సాన, చివర మెరుగు. ఒక్క మెట్టు తొందరపడితే దాని గీతలు చివరి మెరుగులో బయటపడతాయి.

అంగట్లో కనిపించే ప్రతి పట్టకాల గాజూ చేతిపని కాదు. కరిగిన గాజును అచ్చులో నొక్కి తీసే పద్ధతి 1820ల నాటినుంచే ఉంది. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది: అచ్చు పోసిన గాజు అంచులు మొద్దుగా, కాస్త కరిగినట్టు ఉంటాయి, కోసిన అంచు పదునుగా తగులుతుంది. ఇసుకను గాలివాటున చిమ్మి బొమ్మ తెచ్చే యంత్రం కూడా ఉంది. దాన్ని నేను తక్కువ చేయను, పెద్ద అద్దాలకు అది మంచిదే. కానీ అచ్చుకాగితం పెట్టి చిమ్మిన బొమ్మలో లోతు చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది, జింక కడుపు రాదు. చేతిపని చిన్న పాత్రలకే పరిమితమనుకోవద్దు. ఇంగ్లండులో కొవెంట్రీ కెథడ్రల్ అనే పెద్ద చర్చిలో 'వెస్ట్ స్క్రీన్' అని పిలిచే గోడంత అద్దం మీద జాన్ హటన్ 66 నిలువెత్తు మూర్తులను చెక్కాడు. అక్కడ అద్దాన్ని కదపలేరు కాబట్టి, చేతిలో పట్టుకున్న సానచక్రాన్నే అద్దం మీద నడిపించాడు. 1962లో ఆ కెథడ్రల్ తెరిచారు. బయటి ఆకాశం మారినప్పుడల్లా ఆ మూర్తులూ మారతాయి.

మీ ఇద్దరికీ చేసి చూడాలని ఉందని నాకు తెలుసు. మొదలుపెట్టడానికి చక్రం అక్కర్లేదు, వజ్రపు మొన ఉన్న గీతపెన్ను చాలు. మందంగా ఉన్న మామూలు గాజు సీసా తీసుకోండి. టెంపర్డ్ గాజును, అంటే వేడిచేసి గబగబా చల్లార్చి గట్టిపరిచిన గాజును, మాత్రం ముట్టుకోవద్దు. దాని పైపొర లోపలి బిగువును ఆపుతూ ఉంటుంది, అది తెగితే మొత్తం ముక్కలైపోతుంది. కళ్ళజోడు పెట్టుకోండి. గాజుపొడిని నోటితో ఊదవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది, తడిగుడ్డతోనే తుడవండి. పక్కన అమ్మగానీ నాన్నగానీ ఉండాలి. మెరుగు కోసం ఆమ్లం వాడతారని ఎక్కడైనా చదివితే దాని జోలికి పోవద్దు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం దాటి ఎముక దాకా పోతుంది, అది పెద్ద కార్ఖానాల్లో తగిన రక్షణతో చేసే పని.

బొమ్మ గీసిన కాగితాన్ని సీసా లోపల అంటించి, బయటినుంచి చుక్కలు పొడవండి. జింక వద్దు, ముందు ఒక్క ఆకు చాలు. వెలుగు పడే అంచు దగ్గర చుక్కలు వత్తుగా పెట్టి, ఈనె దగ్గరికి వచ్చేసరికి పలచన చేసి, ఈనెను అసలు తాకకుండా వదిలేయండి. తర్వాత కాగితం తీసి, సీసాలో నల్లగుడ్డ కూరి, కిటికీ పక్కన పక్కవాటు వెలుగులో తిప్పి చూడండి. ఈసారి వచ్చేటప్పుడు ఆ సీసాను పాతబట్టలో చుట్టి తీసుకురండి. రెండు పలకల మధ్య పెట్టి దాని చారలు కూడా చూద్దాం.

ఇట్లు,
మీ అమ్మమ్మ