మెడ అరిగితే కళ్లు తిరుగుతాయా? అపోహలు - వాస్తవాలు

ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఎక్స్‌రే కవరు పట్టుకునే వస్తారు. "మెడ ఎముకలు అరిగాయంట, అందుకే కళ్లు తిరుగుతున్నాయంట." ఆ 'అందుకే' దగ్గరే నాకు పేచీ.

అపోహ: ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తే కారణం దొరికినట్టే.

వాస్తవం: 60 దాటినవాళ్లలో ఎక్కువమంది మెడల్లో అరుగుదల ఉంటుంది. జుట్టు నెరిసినట్టే అదీను. చాలామందికి ఏ బాధా ఉండదు. నేను ముందు అడిగేది ఇది: మంచం మీద పక్కకు దొర్లగానే గది గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగుతోందా? అవునంటే నా అనుమానం చెవి మీదకు పోతుంది. చెవి లోపలి సున్నపు రేణువులు చోటు తప్పి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి జారితే ఇలాగే ఉంటుంది. తలను ఒక వరసలో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గిపోతుంది. పాపం, ఈ బాధకే నెలల తరబడి మెడపట్టీ వేసుకున్నవాళ్లను చూశాను.

అపోహ: అరిగిన ఎముక రక్తనాళాన్ని నొక్కేసి మెదడుకు రక్తం అందకుండా చేస్తుంది.

వాస్తవం: మెడపూసల పక్కనున్న రంధ్రాల్లోంచి రెండు ధమనులు పైకి వెళ్తాయి, నిజమే. ఒకటి నొక్కుకున్నా మామూలుగా రెండోది ఆదుకుంటుంది. అలా నొక్కుకుని కళ్లు తిరగడం చాలా అరుదు.

మరి మెడకు అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. మెడ పైభాగంలోని కీళ్లు, లోపలి కండరాలు తల ఎటు తిరిగిందో మెదడుకు క్షణక్షణం కబురు పంపుతుంటాయి. అవి బిగుసుకుంటే ఆ కబురు ఒకటి, కళ్లూ చెవులూ చెప్పేది ఇంకొకటి అవుతుంది. అప్పుడు పడవలో నిలబడ్డట్టు తూలుతుంది. ఈ తూలు మెడనొప్పితో వచ్చి మెడనొప్పితోనే పోతుంది. దీన్ని తేల్చే పరీక్షంటూ ఒకటి లేదు. చెవి, బీపీ, మైగ్రేన్ వంటివన్నీ చూశాకే మెడ మీదకు రావాలి.

మెడ వల్ల వచ్చే తలబరువు, తలనొప్పి సంగతి ఇంకా సులువు. మెడ పైన ఉండే మొదటి మూడు నరాలు, ముఖం నుంచి వచ్చే నరం మెదడు కాండం దగ్గర ఒకేచోట కలుస్తాయి. అందుకే నొప్పి మెడలో పుట్టినా కంటి వెనకా, నుదుటి మీదా తెలుస్తుంది.

అపోహ: సెలూన్‌లో మెడ విరిపించుకుంటే హాయి.

వాస్తవం: వద్దు. ఆ కుదుపుకు ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

హఠాత్తుగా తూలుతూ మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చేయీ కాలూ పట్టు తప్పినా 108కి ఫోన్ చేయండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమై నడక బిగుసుకుంటుంటే వెన్నుపాము నొక్కుకుంటోందేమో, వ్యాయామాలకు ముందే న్యూరాలజిస్ట్‌కు చూపించండి.