కీనోమెలిస్: పూలు సరే, కాయలేవి?

కీనోమెలిస్ గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ళ పొద. చైనా, జపాన్‌లలో పుట్టి యూరప్, అమెరికా ఇళ్ళ పెరళ్ళకు చేరింది. చలికాలం ముగుస్తుండగా, ఆకు చిగురించకముందే, బోసి కొమ్మల నిండా ఎర్రగా, నారింజగా పూస్తుంది. పూలు రాలాక దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. అది అన్యాయం, ఎందుకంటే దీని కాయ పువ్వుకు ఏమాత్రం తీసిపోదు.

ఇది యాపిల్, పియర్‌లకు దగ్గరి చుట్టం. జపాన్ జాతిని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బర్గ్ 1784లో పియర్‌గానే వర్ణించాడు. 1821లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త లిండ్లే వేరే ప్రజాతిగా, అంటే వేరే జాతుల గుంపుగా, విడదీశాడు. కాయ కోస్తే తేడా తెలుస్తుంది: యాపిల్‌లో ఒక్కో గదికి మామూలుగా రెండు గింజలు, ఇందులో గదినిండా గింజలే. యునానీ మందుల కొట్లలో దొరికే బిహిదానా మాత్రం దీని గింజ కాదు. అది సైడోనియా అనే వేరే చెట్టుది.

విరగబూసినా కాయ పట్టకపోవడానికి మొదటి కారణం ఒంటరితనం. చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయవు. ఒకే పేరుగల రెండు మొక్కలు కొన్నా లాభం లేదు. కొమ్మ ముక్కల నుంచి పెంచినవి కాబట్టి అవి రెండూ ఒకే మొక్క లెక్క. రెండు వేర్వేరు రకాలు దగ్గరగా నాటాలి. పైగా కొన్ని పూలలో అండాశయం సరిగా ఎదగదు, అవి ఎలాగూ రాలిపోతాయి.

రెండో కారణం కత్తెర. వచ్చే ఏడాది పూమొగ్గలు ఈ వేసవిలోనే పాత కొమ్మల మీద ఏర్పడతాయి. చలికాలంలో పొదను గుండ్రంగా కత్తిరిస్తే పోయేవి అవే. పూత అయ్యాక, పిందె పట్టిన కొమ్మలు వదిలేసి, బాగా ముదిరిన ఒకటి రెండు కాండాలను నేల దగ్గరికి కోస్తే చాలు. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప పూత ఉండదు. సున్నపు నేలలో ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఆకు పాలిపోతే అది ఇనుము అందకపోవడం.

శరదృతువులో కాయ పసుపు తిరిగి ఘుమఘుమలాడుతుంది. అయినా పచ్చిగా కొరకలేం: రాయిలా గట్టి, విపరీతమైన పులుపు. ఆ పులుపుకి తోడు, రసాన్ని గడ్డకట్టించే పెక్టిన్ దండిగా ఉండటంతో జెల్లీకి ఇంతకంటే మంచి పండు అరుదు. కిలో కాయలను ముక్కలు చేసి, మునిగేంత నీళ్ళలో మెత్తబడేదాకా సన్నసెగన ఉడికించాలి. చక్కెర ముందే వేస్తే ముక్క గట్టిపడి పెక్టిన్ బయటికి రాదు. గుడ్డలో వేలాడదీసి రాత్రంతా వడకట్టాలి. పిండితే జెల్లీ మసకబారుతుంది. లీటరు రసానికి 750 గ్రాముల చక్కెర వేసి 105 డిగ్రీలు చేరేదాకా మరిగించాలి. అంతకు మించితే రబ్బరులా సాగుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ పులుపు లోహాన్ని తినేస్తుంది.

యూరప్‌లోని చిన్న దేశం లాత్వియాలో దీన్ని పంటగానే పండిస్తారు. అక్కడి పద్ధతికి పొయ్యి అక్కర్లేదు. గింజలు తీసిన పలుచని ముక్కలు, అంతే బరువు చక్కెర, పొరలు పొరలుగా సీసాలో వేస్తారు. కొన్ని రోజుల్లో ఊరే పాకాన్ని టీలో నిమ్మరసానికి బదులు కలుపుకుంటారు, మిగిలిన ముక్కలను ఎండబెట్టి తింటారు.