నాకెలా వచ్చిందిరా ఇది?

మా అమ్మకు హెపటైటిస్ సి, అంటే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు, ఉందని 2016లో తెలిసింది, శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో. "జీవితంలో చుక్క ముట్టనిదాన్ని, నాకెలా వచ్చిందిరా ఇది?" అంది. ఆ సాయంత్రమే తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకుంది. కలిసి తింటే ఇది అంటదని డాక్టరు చెప్పాకే మళ్లీ మాతో కూర్చుంది.

అమ్మకు జబ్బు అంటుకున్న రోజుల్లో దానికి పేరు కూడా లేదు. 1970లలో అమెరికాలో హార్వే ఆల్టర్, రక్తం ఎక్కించుకున్నవాళ్లకు వస్తున్న హెపటైటిస్‌లో చాలా కేసులు అప్పటికి తెలిసిన హెపటైటిస్ ఎ కావు, బి కావు అని తేల్చారు. ఏమిటో తెలియక 'ఎ కానిది, బి కానిది' అనే పిలిచారు. మైకేల్ హౌటన్ బృందం వైరస్‌ను గుర్తించింది 1989లో. మన దేశంలో దాతల రక్తానికి ఈ వైరస్ పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి 2001 వచ్చింది. రక్తం అమ్ముకునేవాళ్ల దగ్గర తీసుకోవడం సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి నిషిద్ధమైంది.

అమ్మకు 1983లో కాన్పప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రక్తమే ఆమెను బతికించింది. అందులోనే ఇదీ వచ్చిందేమో.

లేదా మా ఊరి ఆర్‌ఎంపీ గారి సూదిలోంచి. స్టీలు డబ్బాలో నీళ్లు, కింద కిరసనాయిలు స్టవ్, పట్టుకారుతో తీసిన గాజు సిరంజి నాకింకా కళ్లకు కడుతుంది. సూదేస్తేగానీ జ్వరం తగ్గదని జనం నమ్మకం. జ్వరాల సీజన్లో క్యూ పెరిగితే, సూది వేడినీళ్లలో అలా ముంచి ఇలా తీసేవారు. ఈజిప్టులో సర్కారే ఇలాంటి పొరపాటు చేసింది. నీళ్లలోంచి ఒంట్లోకి చేరే బిల్హార్జియా పురుగుల జబ్బును తరిమేయాలని 1950ల నుంచి 1980ల దాకా ఊరూరా ఇంజెక్షన్లు వేయించింది. సరిగా మరిగించని సిరంజిలతో హెపటైటిస్ సి లక్షల మందికి పాకింది.

ఈ వైరస్ ఇరవై ముప్పై ఏళ్లు ఏ నొప్పీ లేకుండా కాలేయాన్ని తినేస్తుంది కాబట్టి, తెలిసేసరికి ఆ సీసా ఉండదు, ఆ సూదీ ఉండదు. అయినా కాలేయం జబ్బు అనగానే చాలామంది ఇప్పటికీ అడిగేది తాగుడు గురించే. అమ్మ అత్తగారి ఊళ్లో ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆ సిగ్గు ఆమె పడాల్సింది కాదు.

దీన్ని నయం చేసే మందు సోఫోస్‌బువిర్ 2013లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. మరుసటి ఏడాది తయారీకి లైసెన్సు పొందిన మన కంపెనీల్లో హైదరాబాద్ హెటెరో ఒకటి. రేటు మనబోటివాళ్లకు అందేలా దిగింది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం.

అమ్మ పన్నెండు వారాలు వాడింది, వైరస్ పోయింది. కానీ వైరస్‌ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలు అది పోయినా మిగిలే ఉంటాయి, వాటిని చూసే టెస్టు ఇప్పటికీ పాజిటివ్ అనే చూపిస్తుంది. అందుకే రక్తంలో వైరస్ లేదని చూపే ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జిరాక్స్ మడతపెట్టి బీపీ మాత్రల డబ్బాలో పెట్టుకుంది. ఏ కొత్త ల్యాబ్‌కు వెళ్లినా ముందు ఆ కాగితమే తీస్తుంది.