అపోహలు – వాస్తవాలు: తూలినప్పుడు నడుము కండరాలు ఏం చేస్తాయి?

అపోహ: నడుము నొప్పి ఏళ్ల తరబడి వదలడం లేదంటే కండరాల్లో బలం లేనట్టే.

వాస్తవం: బలం కొంత తగ్గి ఉండొచ్చు. కానీ తూలిన క్షణంలో అసలు తేడా వచ్చేది సమయం దగ్గర. ఇంకో మెట్టు ఉందనుకోక పాదం వేస్తే అది గాల్లో పడుతుంది. అప్పుడు ఆలోచించి బిగించేంత వ్యవధి ఉండదు. వీపు కండరాలు సెకనులో పదో వంతులోపే వాటంతటవే స్పందించాలి. కండరాలన్నీ తీసేసిన నడుము వెన్నెముక, ప్రయోగశాలలో సుమారు 9 కిలోల బరువుకే ఒరిగిపోతుంది. అంటే వెన్నెముకను నిలబెట్టేది కండరాలే. అయినా మనిషి ఊరికే నిటారుగా నిలబడటానికి మాత్రం కండరాల గరిష్ఠ శక్తిలో 1–3 శాతం చాలు.

అపోహ: నొప్పి ఉన్నవాళ్ల కండరాలు పనిచేయవు.

వాస్తవం: చాలామందిలో సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. అవి ఆగాల్సినప్పుడు ఆగవు. దీన్ని పరీక్షించే పద్ధతి ఇది: మనిషి ఛాతీకి పట్టీ కట్టి, తాడుతో ముందుకు లాగుతారు. అతను వెనక్కి బిగబట్టి ఉంటాడు. చెప్పకుండా తాడు వదిలేస్తారు. ఆరోగ్యవంతుల్లో వీపు కండరాలు వెంటనే సడలి, పొట్ట కండరాలు పట్టుకుంటాయి. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిలో వీపు ఆలస్యంగా సడలుతుంది, పొట్ట ఆలస్యంగా అందుకుంటుంది. రెండూ ఒకేసారి బిగిసి ఉండే సమయం పెరుగుతుంది. ఇది శరీరం వేసుకున్న కాపలా. నాలుగు రోజులకు మేలే, కానీ నెలల తరబడి సాగితే వెన్నుపూసల మీద ఒత్తిడి పెరుగుతుంది, కండరాలు త్వరగా అలసిపోతాయి.

ఈ ఆలస్యం నొప్పి వల్లే వస్తుందని తేల్చేయలేం. 2005లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, ఆలస్యంగా సడలే కండరాలున్న క్రీడాకారులకు తర్వాత నడుము గాయాలయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది.

అపోహ: రోజంతా పొట్ట లోపలికి లాక్కుని ఉండాలి.

వాస్తవం: చేయి ఎత్తడానికి ముందే బిగిసే లోపలి పొట్ట కండరం, నడుము నొప్పి ఉన్నవారిలో ఆలస్యమవుతుందని 1996లో తేలింది. ఈ సలహా అక్కడి నుంచే పుట్టింది. కానీ ఆ కండరానికే పరిమితమైన వ్యాయామాలు మిగతా వ్యాయామాల కంటే గొప్పగా పనిచేయలేదు. పైగా ఎప్పుడూ బిగబట్టి ఉండటం ఆ కాపలానే పెంచుతుంది.

అపోహ: నడుము నొప్పి ఉంటే తూలే పని ఏదీ చేయకూడదు.

వాస్తవం: కొద్ది మోతాదులో అదే సాధన. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్లు కాస్త సడలించి నిలబడండి. తోడున్నవారు రెండు వేళ్లతో భుజాన్ని తోయాలి. ముందు దిశ చెప్పి 10 సార్లు, తర్వాత చెప్పకుండా 10 సార్లు. అది సాఫీగా జరిగితే, రెండు చేతులతో పట్టుకున్న చిన్న బకెట్‌లోకి అరకిలో బంతి వేయించుకోండి. కళ్లు మూసుకుని చేయడం చివరి దశ. చాలామంది చేసే తప్పు ఊపిరి బిగబట్టడం. అలా చేస్తే మొత్తం నడుము కర్రలా అయిపోతుంది, సాధన వృథా. తోసిన ఒకటి రెండు సెకన్లలో పొట్ట మళ్లీ మెత్తబడిందా అని చేత్తో తాకి చూడండి. మెత్తబడకపోతే తోపు ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి. గంటసేపు వంగి కూర్చుని లేచిన వెంటనే ఇది చేయొద్దు. ఆ సమయంలో కండరాలు వాటంతటవే స్పందించే వేగం (రిఫ్లెక్స్) మామూలుగానే నెమ్మదిస్తుంది.

కాలులో బలం తగ్గుతున్నా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా ఇవన్నీ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.