మంచానికి ముడిపెట్టిన పదిహేను వేలు

దివ్యాంగుల పింఛన్లలో అనర్హుల ఏరివేత అన్న మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మళ్లీ వినిపిస్తోంది. వైకల్య శాతాన్ని తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం వైద్య శిబిరాలు ఎలా మొదలయ్యాయో, పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న గీత ఎక్కడ పడిందో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ వివాదాన్ని చాలామంది ఆ శాతం కంటే తక్కువని తేలినవారికి 2025 ఆగస్టులో జారీ అయిన నోటీసుల నుంచి చెప్పుకొస్తారు గాని, అసలు ముడి అంతకు ఏడాది ముందు, 2024 జూలైలోనే పడింది.

ఆ నెల నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలకు, దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000కు పెరిగాయి. పక్షవాతంతోనో తీవ్రమైన కండరాల క్షీణతతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 5,000 కాస్తా 15,000 అయింది. ఈ పెంపును తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. సాటి పథకాల్లో ఇతరులకు ఇచ్చేదానికంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతుండగా, 2024 జనవరిలో వృద్ధుల పింఛను కూడా 3,000కు చేరి రెండూ సమానమైపోయాయి. జూలై నిర్ణయం ఆ లోటును పూడ్చింది. కేంద్రం వాటా మాత్రం, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు, నెలకు 300 రూపాయల దగ్గరే ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

చిక్కంతా 6,000కూ 15,000కూ మధ్య ఉన్న ఆ 9,000 దేనికోసమన్నది తేల్చకపోవడంలో ఉంది. ఇంట్లో ఆ డబ్బు తోడు మనిషికి ఖర్చవుతుంది: స్నానం చేయించడానికి, కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టడానికి, ఆసుపత్రికో సచివాలయానికో వెంట రావడానికి. నిబంధన మాత్రం అవసరమైన సాయాన్ని కొలవదు, కదలని శరీరాన్నే కొలుస్తుంది. 2025 జనవరిలో వైద్య బృందాలు 15,000 అందుకుంటున్నవారి ఇళ్లకు వెళ్లి పరీక్షలు మొదలుపెట్టినప్పుడు కలిగిన భయానికి మూలం ఇదే. తోడు దొరికినందువల్లే లేచి కూర్చుని, వీధిలోకి వచ్చి, ఏదో ఒక చిన్న పని చేసుకోగలుగుతున్న మనిషి, ఆ లేవగలగడమే తన అనర్హతకు సాక్ష్యమవుతుందేమోనని తలుపు వేసుకుని మంచం మీదే ఉండిపోవలసి వస్తే, ఆ సాయం దేనికి ఉద్దేశించినదో దానికే అడ్డు పడుతుంది.

వలసల సీమగా పేరుపడ్డ ఈ జిల్లాల్లో ఈ ప్రశ్న మరింత బరువైనది. ఒళ్లు వంచి మనిషిని ఎత్తగల వయసున్నవారు హైదరాబాదులోనో చెన్నైలోనో పనుల్లో ఉంటే, ఎదిగిన కొడుకును ఎత్తి కూర్చోబెట్టే పని అరవై దాటిన తల్లి మీద పడుతుంది. ఆమె చాకిరీ ఏ లెక్కలోకీ రాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ రోగులకు ఇచ్చే 10,000 వెనుక ఉన్న అవసరం, అంటే ప్రయాణ ఖర్చూ పోయిన కూలీ, అందరికీ ఇట్టే అర్థమవుతుంది. ఇంట్లో జరిగే ఈ చాకిరీకి మాత్రం ఆ గుర్తింపు దక్కలేదు.

దొంగ సర్టిఫికెట్లతో పింఛను పొందుతున్నవారిని తొలగించడమే తమ ఉద్దేశమని ప్రభుత్వం అంటోంది. అలాంటివి లేవని ఎవరూ అనరు. 40 శాతం కంటే తక్కువని తేలినవారికి నోటీసులిచ్చి, నిరసనల తర్వాత అప్పీలుకు అవకాశం కల్పించి పింఛను కొనసాగించిందన్నదీ నిజమే. అయితే ఆ అప్పీలు కూడా మళ్లీ శాతం మీదే.

శాతాన్ని మించిన కొలమానం 2016 నాటి ఆ చట్టంలోనే ఉంది. సమాజంలో అందరి మధ్య బతికే హక్కును, అందుకు కావలసిన వ్యక్తిగత సహాయాన్ని 5వ సెక్షన్ గుర్తించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం నుంచి వచ్చిన మాట అది. అధిక సహాయం అవసరమైనవారు దరఖాస్తు చేసుకుంటే మదింపు బోర్డు వారి అవసరాన్ని నిర్ణయించాలని 38వ సెక్షన్ చెబుతోంది. అలాంటివారి సంరక్షణకు ప్రత్యేక భత్యం ఇవ్వాలన్న మాట 24వ సెక్షన్‌లోనే ఉంది. తోడు మనిషి ఖర్చును పింఛను నుంచి విడదీసి ఈ సెక్షన్ల కింద నిర్ణయించాలని, లబ్ధిదారు గడప దాటి బయటికి వచ్చినంత మాత్రాన దాన్ని కోయకూడదని కోరడం కొత్త వరమేమీ కాదు, తొమ్మిదేళ్లకు పైగా కాగితం మీద ఉన్న హక్కును అడగడమే.