బంతి కాళ్ల దగ్గర లేనప్పుడు

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

చిట్టితల్లులూ,

ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడుకుంటూ బతకగలదా, అసలు ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే చోట ఆడేవాళ్ల జీవితం ఎలా ఉంటుంది అని మీరిద్దరూ ఫోన్‌లో అడిగారు. ఇన్నేళ్లు పీఈటీగా పిల్లల్ని ఆడించినదాన్ని. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

బతకగలదు. ముందు మన తెలుగు పిల్ల సంగతే చెబుతాను. సౌమ్య గుగులోత్ 2001లో పుట్టింది. వాళ్లది నిజామాబాద్ జిల్లాలో ఒక తండా. చిన్నప్పుడు పరుగు పందాల్లో పరిగెత్తేది. ఆ కాళ్లలో వేగం చూసి ఆమెను ఫుట్‌బాల్‌లోకి తెచ్చారు. గోకులం కేరళ జట్టుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్ అనే ఇంకో అమ్మాయితో కలిసి క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకే ఇచ్చారు. తండా నుంచి జాగ్రెబ్ ఎంత దూరమో మ్యాప్‌లో ఒకసారి చూడండి. నాకైతే ఆ పిల్ల పేరు పేపర్లో కనపడిన ప్రతిసారీ కడుపు నిండినట్టుంటుంది.

అయితే అవార్డులు, గోల్స్ మాత్రమే చూసి ఈ దారిలోకి రావద్దు. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కొక్కరి కాళ్ల దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయంలో చేసే పనికే ఫార్వర్డ్‌కు జీతం ఇస్తారు.

ఈసారి టీవీలో మ్యాచ్ వచ్చినప్పుడు బంతిని వదిలేసి ఫార్వర్డ్ ఒక్కదాన్నే చూడండి. డిఫెండర్, అంటే గోల్ పడకుండా అడ్డుకునే అవతలి జట్టు అమ్మాయి, ఆమె భుజం వెనక, కంటికి ఆనని చోట నిలబడుతుంది. తననూ బంతినీ డిఫెండర్ ఒకేసారి చూడలేని చోటు అది. ఒళ్లు సగం గోల్ వైపు తిప్పి ఉంటుంది. మాటిమాటికీ తల తిప్పి వెనక ఖాళీ ఎంతుందో చూసుకుంటుంది. ఉన్నట్టుండి రెండడుగులు బంతి వైపు వస్తుంది. డిఫెండర్ కూడా వెంట కదిలిందా, ఇంక అంతే, గిరుక్కున తిరిగి ఆ ఖాళీలోకి దూసుకుపోతుంది. పాస్ ఇచ్చే అమ్మాయి కాలు బంతికి తగిలే క్షణం మీదే లెక్కంతా ఉంటుంది. అరక్షణం ముందు పరిగెత్తితే ఆఫ్‌సైడ్, అంటే పాస్ రాకముందే డిఫెండర్లను దాటిపోయిన తప్పు, జెండా లేస్తుంది. అరక్షణం ఆలస్యమైతే డిఫెండర్ అడ్డం పడుతుంది. ఇంత చేసినా చాలాసార్లు పాస్ రానే రాదు. మొహం చిట్లించకుండా మళ్లీ మొదటి చోటికి వచ్చి నిలబడాలి. మన ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో సాయంత్రం ఆడే పిల్లల్లో షాట్లు బాగా కొట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పాస్ రాకపోయినా పదోసారి కూడా అదే ఊపుతో పరిగెత్తే పిల్ల కోసమే నేను వెతుకుతుంటాను.

కెరీర్ కూడా ఇలాగే నడుస్తుంది. మణిపూర్ అమ్మాయి బాలాదేవి సంగతి చూడండి. 2020 జనవరిలో స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్ ఆమెతో కాంట్రాక్టు రాయించుకుంది. ఐరోపాలో ప్రొఫెషనల్ కాంట్రాక్టు అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. వెళ్లిన కొద్ది వారాలకే కరోనా వచ్చి ఆటలన్నీ ఆగిపోయాయి. పరాయి దేశం, ఎముకలు కొరికే చలి, మ్యాచ్‌లు లేవు. మొదటి లీగ్ గోల్ పడేసరికి డిసెంబర్ వచ్చింది, మదర్‌వెల్ మీద. ఆ తర్వాత మోకాలి గాయం. అక్కడితో అయిపోయిందనుకున్నవాళ్లు చాలామందే. 2024 అక్టోబర్‌లో ఖాట్మండూలో పాకిస్తాన్ మీద గోల్ కొట్టింది. దేశం తరఫున అది ఆమె 50వ గోల్. అప్పటికి వయసు 34. ఆ మధ్యలో ఆమె గడిపిన రోజుల గురించి ఎవరూ వార్తలు రాయలేదు. నాకు మాత్రం ఆమె కెరీర్‌లో గొప్పగా కనిపించేవి ఆ రోజులే.

ఇంకో కష్టం కూడా ఉంది. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ తప్పు పాస్ ఇస్తే నిమిషంలో మర్చిపోతారు, ఫార్వర్డ్ మిస్ చేస్తే ఊరంతా చూస్తుంది. 2007 వరల్డ్ కప్ ఫైనల్లో బ్రెజిల్ మార్తా పెనాల్టీ కొడితే జర్మనీ కీపర్ ఆపేసింది. కప్పు జర్మనీకి పోయింది. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్, 7, కొట్టింది కూడా మార్తానే. తర్వాత ఇంకో నాలుగు వరల్డ్ కప్పులు ఆడింది. వరల్డ్ కప్పుల్లో మొత్తం 17 గోల్స్ ఆమెవి, 2022 వరల్డ్ కప్ అయ్యేదాకా మగవాళ్లలో కూడా ఎవరికీ అన్ని లేవు. కప్పు మాత్రం ఒక్కసారీ చేతికి రాలేదు. మార్తా ఓడిపోయిందని మీరు అనగలరా?

గాయాల గురించి భయపెట్టడానికి కాదు, జాగ్రత్తకు చెబుతున్నాను. మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే గట్టి పట్టీ ఉంటుంది. అది తెగడం అబ్బాయిల కన్నా అమ్మాయిల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. ఎగిరి దిగేటప్పుడో, గబుక్కున దిశ మార్చేటప్పుడో మోకాలు లోపలికి ఒరిగితే చాలు. ఆపరేషన్, తర్వాత తొమ్మిది నెలలో ఏడాదో ఆటకు దూరం. నార్వే ఫార్వర్డ్ అడా హెగర్‌బర్గ్‌కు 2020లో అలాగే అయి, ఏడాదిన్నర పైనే ఆడలేదు. ఆ మోకాలితోనే తిరిగొచ్చి 2022 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కొట్టింది. అందుకని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ల 'ఫిఫా 11 ప్లస్' అనే వార్మప్‌ను నేర్చుకోండి. 20 నిమిషాల పని. ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మెత్తగా దిగడం, మోకాలు పాదం మీదుగా తిన్నగా ఉంచడం అందులో ఉంటాయి. బోరు కొడుతుందని ఎగ్గొట్టారో, నేను ఊరుకోను.

డబ్బు సంగతి దాచను. 2024-25లో మన దేశంలో పై స్థాయి మహిళల లీగ్ ఆడినవి 8 జట్లు. మన రాష్ట్రానిది ఒక్కటీ లేదు. కాబట్టి ఎదగాలంటే విశాఖ దాటక తప్పదు, కేరళకో కోల్‌కతాకో వెళ్లాలి. మన ఊరి జ్యోతి యర్రాజీ హర్డిల్స్ కోసం హైదరాబాద్, భువనేశ్వర్ వెళ్లి శిక్షణ తీసుకుంది కదా, అలాగే. క్రికెట్‌తో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది. మన మధురవాడ స్టేడియంలో ఇప్పుడు మిథాలీ రాజ్ పేరుతో స్టాండ్ ఉంది, చూసి నేనూ మురిసిపోయాను. ఫుట్‌బాల్ అమ్మాయిలకు అలాంటి రోజు ఇంకా రాలేదు. జీతాలు తక్కువ, కాంట్రాక్టులు చిన్నవి. అందుకే చాలామంది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కూడా చూసుకుంటారు. బాలాదేవి మణిపూర్ పోలీసు ఉద్యోగి. చదువు మానేసి ఆడమని నేను ఎవరికీ చెప్పను, ఆట మానేసి చదవమని కూడా చెప్పను. పెళ్లయితే ఆట అయిపోయినట్టే అనే మాట కూడా పాతబడిపోయింది. కాంట్రాక్టులో ఉన్న క్రీడాకారిణికి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో కనీసం మూడింట రెండు వంతులతో ఇవ్వాలని 2021 నుంచి ఫిఫా నియమం.

పెద్దదానికి పదో తరగతి పరీక్షలని మీ నాన్నకు టెన్షన్‌గా ఉన్నట్టుంది. వచ్చే ఆదివారం నేనే వచ్చి అతనితో మాట్లాడతాను, మీరు మధ్యలో మాట్లాడకండి. ఈలోపు పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ జిరాక్సులు రెండేసి తీయించి ఒక ఫైల్లో పెట్టండి. మంచి ఆట చేతిలో ఉండి, వయసు కాగితం దొరక్క సెలెక్షన్స్‌లో గేటు దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. చిన్నదాని బూట్లు బిగుతయ్యాయని విన్నాను, సైజు రాసి పంపండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ