పిల్లలకు ఉత్తరం: రాత్రి వంటలో ఎక్కడ ఆగాలి

పిల్లలూ,

వంట నేర్చుకోవాలనుంది, దేంతో మొదలుపెట్టమంటారని మీలో చాలామంది అడుగుతుంటారు. రాత్రి భోజనంతో మొదలుపెట్టండి. పొద్దున పూట బడి టైము తరుముతుంటుంది. రాత్రికి గంటో గంటన్నరో చేతిలో ఉంటుంది, తినడానికి అందరూ ఇంట్లోనే ఉంటారు. అలసిపోయి వచ్చినవాళ్లకి పది రకాలు అక్కర్లేదు. వేడివేడిగా, చిక్కగా, కడుపు నిండేలా ఒక గిన్నెడు కూర, దాంతో తినడానికి అన్నమో రొట్టో ఉంటే చాలు. దానికి చెయ్యి తిరిగిన వంటవాళ్లు కానక్కర్లేదు, ఎక్కడ తొందరపడకూడదో తెలిస్తే సరిపోతుంది. నా లెక్కలో అలాంటి చోట్లు రెండే. ఒకటి ఉల్లిపాయ వేగేటప్పుడు, రెండోది గిన్నె సన్నని సెగ మీద ఉడికేటప్పుడు. మిగతా పనంతా మీరు ఎంత హడావుడిగా చేసినా కూర ఏమీ అనుకోదు.

ముందు గిన్నె సంగతి. అడుగు మందంగా ఉండి, మూత సరిగ్గా పట్టేది ఒకటి చూసుకోండి. పలచని గిన్నెలో మంట తగిలిన చోట మాడుతుంది, అంగుళం పక్కన పచ్చిగా ఉంటుంది. మందపాటి అడుగైతే వేడిని అన్ని వైపులకూ పంచుతుంది. సామాను గురించి ఇంతకంటే చెప్పను. వంట రాకముందే సామాను కొనేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక ఉల్లిపాయ. వంట ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు పోయేదాకా ముక్క 100 డిగ్రీలు దాటి వేడెక్కదు, ఎందుకంటే నీళ్లు ఆవిరయ్యేది ఆ వేడి దగ్గరే. ఎర్రగా వేగి, ఆ కమ్మని వాసన రావాలంటే వేడి 140 డిగ్రీల దాకా రావాలి. అప్పుడు ముక్కలోని చక్కెరలూ, ప్రోటీన్ల తాలూకు అమైనో ఆమ్లాలూ కలిసి వందల రకాల కొత్త రుచులూ వాసనలూ పుట్టిస్తాయి. దీన్ని 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. రొట్టె పైపొర రంగూ, వేయించిన కాఫీ గింజల వాసనా, కాల్చిన మాంసం రుచీ అన్నీ ఎక్కువగా దాని చలవే. నీళ్లలో ఉడికినది ఎర్రబడకపోవడానికీ, వేయించినది ఎర్రబడటానికీ తేడా ఇదే.

కాబట్టి గిన్నెలో నూనె కాగాక ఉల్లిపాయ ముక్కలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మంట మధ్యస్థంగా పెట్టి చెవి అటు పడేయండి. మొదట సుర్రుమని గట్టిగా చప్పుడు వస్తుంది, ఆవిరి లేస్తుంది. అది నీళ్లు పోతున్న చప్పుడు. ఉప్పు ఆ నీళ్లను ఇంకొంచెం త్వరగా బయటకు లాగుతుంది. కాసేపటికి ముక్కలు మగ్గి అద్దంలా మెరుస్తాయి. ఇక్కడ చాలామందికి ఓపిక అయిపోయి టమాటాలు పోసేస్తారు. పోయకండి. చప్పుడు సన్నబడుతుంది, కళ్లు మండించే ఘాటు పోయి తియ్యని వాసన మొదలవుతుంది, అంచులు దోరగా మారతాయి. అప్పటి నుంచీ గిన్నె ముందు నుంచి కదలొద్దు, ఎందుకంటే దోరకూ మాడుకూ మధ్య ఉండేది కొద్ది నిమిషాలే. అడుగంటుతోందనిపిస్తే ఒక గరిటెడు నీళ్లు చిలకరించి గీకండి. అడుగున అంటిన గోధుమ రంగు పొర మురికి కాదు, అసలు రుచంతా అందులోనే ఉంది. అది నీళ్లలో కరిగి మళ్లీ ఉల్లిపాయలకే పడుతుంది.

దోర రంగుకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. బాగా ముదురు రంగు, జామ్‌లా మెత్తగా కావాలంటే ముప్పావుగంట. పది నిమిషాల్లో అలా అవుతుందని ఎక్కడైనా రాసి ఉంటే నమ్మకండి. చిటికెడు వంటసోడా వేస్తే త్వరగా ఎర్రబడే మాట నిజమే. క్షారం ఉంటే మయార్ చర్య వేగంగా సాగుతుంది. కానీ ముక్క గుజ్జైపోతుంది, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి తగులుతుంది. నాకైతే ఆ అడ్డదారి నచ్చదు.

మాంసం వండేవాళ్లకు కూడా ఇదే పద్ధతి. ముక్కల మీది తడిని పొడి బట్టతో అద్ది, గిన్నెలో కుక్కకుండా, కొన్ని కొన్నిగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే నీరు ఊరి, వేగడానికి బదులు ఉడుకుతాయి. ముందుగా వేయిస్తే లోపలి రసం బయటికి పోకుండా పైపొర మూసుకుంటుందని చెబుతారే, అది 1847లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అన్న మాట. పెద్దాయనే గానీ ఈ విషయంలో పొరబడ్డాడు. వేగిన ముక్క నుంచి కూడా రసం కారుతూనే ఉంటుంది, ఆ సుర్రు చప్పుడే సాక్ష్యం. వేయించేది రుచి కోసం, రసం కోసం కాదు.

ఉల్లిపాయ తర్వాత వెల్లుల్లి, మసాలాలు అర నిమిషం, నిమిషం వేగితే చాలు. చాలా మసాలాల వాసన నూనెలోనే బాగా దిగుతుంది, అందుకే నీళ్లకు ముందే వేస్తాం. ఎక్కువసేపు ఉంచితే మాడి చేదెక్కుతాయి.

ఇప్పుడు రెండో చోటు. నీళ్లు పోశాక మంట పెద్దది చేస్తే త్వరగా ఉడుకుతుందనుకుంటారు. మామూలు మూత ఉన్న గిన్నెలో నీళ్లు ఎంత కుతకుతలాడినా వేడి 100 డిగ్రీలే. పెద్ద మంటతో పెరిగేది ఆవిరీ గ్యాసు ఖర్చే. పైగా ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని చిదుగుతాయి. ఒకసారి మరిగాక మంట తగ్గించి, అక్కడో బుడగ ఇక్కడో బుడగ లేచేంత సెగ మీద ఉంచండి.

ఆ సెగ లోపల చేసే పని చూడండి. గట్టి మాంసంలో కొల్లాజెన్ అనే పీచు ఉంటుంది. 70 డిగ్రీలు దాటాక అది మెల్లమెల్లగా విడిపోయి జెలటిన్‌గా మారుతుంది. గంటలు పడుతుంది, కానీ కూరకు ఆ చిక్కదనమూ, పెదవులకు అంటుకునే జిగురూ అదే ఇస్తుంది. అందుకే చవకగా దొరికే గట్టి ముక్క నిదానపు వంటకు బాగుంటుంది, ఖరీదైన మెత్తని ముక్క ఎండిపోతుంది. కూరగాయల సంగతి వేరు. వాటి కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం 85 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. దానికి కొల్లాజెన్‌లా గంటలు అక్కర్లేదు, అందుకే కూరగాయలు త్వరగా మెత్తబడతాయి. రెండూ ఒకేసారి వేస్తే మాంసం ఉడికేసరికి బంగాళాదుంప కనిపించదు.

అంత టైము లేనివాళ్లకు ప్రెషర్ కుక్కర్ ఉంది. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు 120 డిగ్రీల దాకా వెళ్లాక గానీ మరగవు, అందుకే అంత వేగం. దాని మూలపురుషుడు డెనీ పాపాఁ అనే ఫ్రెంచి ఆయన. 1679లో మూత బిగించిన పాత్ర ఒకటి తయారుచేసి లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి చూపించాడు. 1682లో అక్కడి సభ్యులకు అందులో వండిన భోజనమే పెట్టాడు. ఎముకలు కూడా మెత్తగా ఉడికిపోయాయట. అది పేలిపోకుండా ఆయన పెట్టిన సేఫ్టీ వాల్వే తర్వాత ఆవిరి యంత్రాలకూ పనికొచ్చింది. కుక్కర్‌లో ఆవిరి పూర్తిగా దిగేదాకా మూత మీద చెయ్యి వెయ్యొద్దు. ఇది మాత్రం సలహా కాదు, ఆజ్ఞ.

రాజ్మా, శనగల్లాంటి ఎండు గింజలతో చేసే కూర నాకు అన్నిటికంటే ఇష్టం. చవక, ప్రోటీన్, పీచు, ఆ చిక్కదనం, అన్నీ ఉన్నాయి. కానీ వాటి దగ్గర వరస ముఖ్యం. గింజ మెత్తబడకముందు టమాటా గానీ చింతపండు గానీ వెయ్యకండి. పులుపు ఉంటే పెక్టిన్ కరగదు, గింజ ఎంతసేపు ఉడికినా గులకరాయిలా ఉండిపోతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట మాత్రం నిజం కాదు. నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తోలు ఇంకా మెత్తబడుతుంది. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే ఆలస్యమవుతుంది, అది మీ తప్పు కాదు.

ఎర్రటి రాజ్మా గింజల విషయంలో ఇంకో జాగ్రత్త. పచ్చి గింజలో లెక్టిన్ అనే విష పదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు తిన్నా కొద్ది గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట కుతకుతా మరిగించాలి. సగం ఉడికిన గింజ పచ్చిదానికంటే కూడా ప్రమాదం. నిదానంగా ఉడకాలని ఇంతసేపూ చెప్పాను కదా, రాజ్మాకి మాత్రం ముందు పెద్ద మంట, ఆ తర్వాతే సన్నని సెగ. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా నేరుగా వెయ్యనే కూడదు, దాని వేడి అంత పైకి పోకపోవచ్చు.

కూర పలచగా ఉందని పిండి కలపడానికి తొందరపడకండి. నాలుగు బంగాళాదుంప ముక్కలో, గుప్పెడు ఉడికిన గింజలో గరిటెతో గిన్నె గోడకేసి మెదిపితే వాటి పిండి పదార్థమే కూరను చిక్కబరుస్తుంది. బంగాళాదుంపలు విడిగా ముద్ద చేసుకోవాలంటే చేత్తో మెదపండి. మిక్సీలో వేస్తే పిండి కణాలు చిట్లిపోయి, గోడకు పోస్టరు అంటించే జిగురు తయారవుతుంది.

దించే ముందు రుచి చూడండి. ఉప్పు ముందు నుంచీ కొంచెం కొంచెంగా వేస్తూ వచ్చుంటే ఇక్కడ పెద్దగా దిద్దాల్సిన పని ఉండదు. అన్నీ సరిపోయినా ఏదో వెలితిగా ఉంటే అది చాలాసార్లు పులుపే. నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి, అప్పటిదాకా బరువుగా ఉన్న కూర లేచి కూర్చుంటుంది. ఇంకా లోతు కావాలంటే పుట్టగొడుగులు, బాగా పండిన టమాటాలు పనికొస్తాయి. వాటిలో ఆ లోతైన రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థం ఉంటుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు మరిగించిన నీళ్ల రుచికి కారణం వెతుకుతూ పట్టుకున్నది దాన్నే. ఉప్పు ఎక్కువైతే పచ్చి బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు. దుంప ఉప్పును ఏరుకుని పీల్చదు, ఉప్పునీళ్లను పీలుస్తుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్లో, ఉప్పు లేని ఉడికిన గింజలో కలిపి పెంచుకోవడమే దారి.

వడ్డించే ముందు పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. కాస్త చల్లారితే ఇంకొంచెం చిక్కబడుతుంది, నాలుక కాలకుండా రుచీ తెలుస్తుంది. ఆకలి రుచెరగదంటారు గానీ, కాలిన నాలుకకు అసలే తెలియదు.

పొయ్యి దగ్గర ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కిందికి పోయి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను పైకి చిమ్ముతాయి. పొయ్యి కట్టేసి, మూత జరిపి కప్పి, చల్లారేదాకా తీయకండి. మంట పెద్దదైతే అందరితో కలిసి బయటికి వచ్చేయండి.

ఇలాంటి కూర ఎప్పుడూ కాస్త ఎక్కువే వండుకోండి. మర్నాటికి ఉప్పూ కారమూ ముక్కల లోపలికి దిగి ఇంకా బాగుంటుంది. కానీ రాత్రంతా పొయ్యి మీద వదిలేస్తే కుదరదు. వండిన తిండిని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దనీ, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్ద గిన్నె గిన్నెగా పెడితే నడిమధ్య చల్లారడానికి గంటలు పడుతుంది, అందుకని లోతు లేని గిన్నెల్లోకి సర్దండి. అన్నం ఇంకా ముందే లోపల పెట్టాలి. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట ఉంచితే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిన కూర మాత్రం మర్నాడు పొగలు కక్కేదాకా, నడిమధ్య కూడా కాలేదాకా వేడి చేసుకోండి. చిక్కబడి ఉంటుంది కాబట్టి రెండు గరిటెల నీళ్లు పోసి కలపండి, లేకపోతే అడుగంటుతుంది.

అయినా అంటుకుందా? ఆ గిన్నెను ఇనుప పీచుతో అరగదీయకండి. నీళ్లు పోసి, చెంచాడు వంటసోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే దానంతటదే వదులుతుంది. ఉల్లిపాయల్లో వద్దన్న సోడాకి ఇక్కడ పనుంది. వండినవాళ్లు తోమనక్కర్లేదన్న రూలు మీ ఇంట్లో లేకపోతే, ఈ ఉత్తరం చూపించి ఇవాళే పెట్టించండి.

ఉంటాను,
మీ తాతయ్య